ఆటోనగర్ స్క్రాప్‌లో దొరికిన స్లేవ్ క్లాక్: అదేంటో కనిపెట్టి మళ్లీ నడిపించడం ఎలా

విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాన్ల కొట్లు తిరిగే అలవాటున్నవాళ్లకి ఇది ఎప్పుడో ఒకసారి తగులుతుంది. పెద్ద గుండ్రటి ఇనప డబ్బా, తెల్ల డయల్, నల్ల ముళ్లు, వెనక చూస్తే సెల్ పెట్టే చోటు లేదు, కీ ఇచ్చే బెజ్జం లేదు, రెండు వైర్లు మాత్రం వేలాడుతుంటాయి. కొట్టాయన "కరెంటు గడియారం సార్, ప్లగ్గులో పెడితే తిరుగుద్ది" అంటాడు. దయచేసి పెట్టకండి. అది స్లేవ్ క్లాక్ అయితే 230 వోల్టులకి లోపలి కాయిల్ క్షణాల్లో మాడిపోతుంది, ఆ కాయిల్ మళ్లీ చుట్టించడం మామూలు ఫ్యాన్ వైండింగ్ షాపువాళ్ల పని కాదు.

స్లేవ్ క్లాక్‌కి సొంతంగా టైము తెలియదు. ఫ్యాక్టరీ ఆఫీసులో ఒక మాస్టర్ క్లాక్ ఉండేది, లోలకంతో నడిచేది. అది అర నిమిషానికో నిమిషానికో ఒకసారి చిన్న కరెంటు దెబ్బ, అంటే పల్స్, వైర్ల మీద పంపితే షెడ్డుల్లో, గేటు దగ్గర, క్యాంటీన్‌లో ఉన్న గడియారాలన్నీ ఒకేసారి ఒక అడుగు ముందుకు వేసేవి. షిఫ్టు సైరన్‌కీ, హాజరు కార్డు మెషీన్‌కీ, గోడ మీది గడియారానికీ తేడా రాకూడదు కదా, అందుకు. ఇంగ్లండ్‌లో హోప్-జోన్స్, బోవెల్ కలిసి 1895లో సింక్రోనోమ్ పద్ధతికి పేటెంట్ తీసుకున్నారు, ఆ తర్వాత లెస్టర్ ఊళ్లోని జెంట్స్ కంపెనీ 'పల్సినెటిక్' పేరుతో ఇలాంటివే చేసింది. మన దేశంలో పాత ఫ్యాక్టరీల సామాను ఏ దేశం నుంచైనా వచ్చి ఉండొచ్చు. హైదరాబాద్‌లో ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ సోవియట్ సాయంతో, బీహెచ్ఈఎల్ చెకోస్లోవేకియా సాయంతో పెట్టినవి, ఇలాంటివి దేశమంతా ఉన్నాయి. కాబట్టి ఆటోనగర్‌కి వచ్చే లోడులో ఇంగ్లీషు గడియారమే ఉంటుందని ముందే అనుకోకండి.

చాలామంది చేసే పని ఏంటంటే లోపలిదంతా పీకేసి బజారులో దొరికే చిన్న క్వార్ట్జ్ మెషీన్ బిగించేయడం. ఆ పొడవాటి బరువు ముళ్లని ఆ బుల్లి మెషీన్ సరిగ్గా మోయలేదు, నాలుగు రోజులు పోయాక పావు తక్కువ దగ్గర పైకి ఎక్కలేక కొట్టుకుంటూ ఉంటుంది. పైగా అసలు మూవ్‌మెంట్, అంటే లోపలి యంత్రం, ఎప్పుడూ అంత సులభంగా చెడిపోదు. ఇందులో ఉన్నది ఒక కాయిల్, ఒక పళ్ల చక్రం, రెండు మూడు గేర్లు, అంతే.

ముందు చూడాలి, తర్వాతే కొలవాలి

వెనక మూత తీయండి. కందిరీగలు కట్టిన మట్టి గూడు ఉంటే పుల్లతో మెల్లగా పొడిచి దులపండి, మన దగ్గర షెడ్డుల్లో వేలాడిన ప్రతి డబ్బాలోనూ ఉండేదే అది. తర్వాత డయల్ మీద, వెనక రేకు మీద, కాయిల్ కాగితం మీద ఏ పేరు, ఏ అంకె ఉన్నా ఫోటో తీసి పెట్టుకోండి, కాయిల్ మీది కాగితం చేతికి తగిలితే పొడి అయిపోతుంది. సింక్రోనోమ్, జెంట్స్, మాగ్నెటా, సీమెన్స్, ఫావాగ్, ప్రాగోట్రాన్, సీకో లాంటి పేరు కనబడితే సగం పని అయిపోయినట్టే. '24 వి' అనో '60 వి' అనో రాసి ఉంటే అది ఎక్కువగా యూరప్ తరహాది. పేరు లేకపోయినా ఫర్వాలేదు, మెకానిజమే చెబుతుంది.

ఇంగ్లీషు తరహాలో రెండు బొబ్బిన్ల విద్యుదయస్కాంతం, దాని ముందు కదిలే ఇనప పట్టీ, ఆ పట్టీకి ఒక కొక్కెం, ఆ కొక్కెం ఆనుకునే పళ్ల చక్రం స్పష్టంగా కనబడతాయి. ఆ చక్రానికి పళ్లు లెక్కపెట్టండి. 120 ఉంటే అర నిమిషానికి ఒక పల్స్, 60 ఉంటే నిమిషానికి ఒకటి. ఓపిక లేకపోతే పట్టీని వేలితో ఒకసారి నొక్కి వదిలి ముల్లు ఎంత జరిగిందో చూడండి. ఇక్కడ ఒక సంగతి గమనించండి, వీటిలో చాలావాటిలో కరెంటు వచ్చినప్పుడు పట్టీ వెనక్కి లాగబడి పన్నుని అందుకుంటుంది, కరెంటు ఆగినప్పుడు స్ప్రింగ్ ముల్లుని ముందుకు తోస్తుంది. అందుకే కరెంటు ఇచ్చి పట్టుకుని కూర్చుంటే ముల్లు కదలదు, కాయిల్ మాత్రం వేడెక్కుతుంది.

యూరప్ తరహా, అంటే జర్మనీ, స్విట్జర్లాండ్, చెక్, వీటితోపాటు జపాన్ వాటిలో లోపల శాశ్వత అయస్కాంతం ఉంటుంది. పట్టీ, కొక్కెం బదులు మోటారులాంటి చిన్న రోటరు కనబడుతుంది. వీటికి ప్లస్, మైనస్ ప్రతిసారీ తిరగబడాలి. ఒకే దిక్కున రెండోసారి పల్స్ ఇస్తే కదలవు. యూరప్‌వి మామూలుగా నిమిషానికొకసారి, జపాన్‌వి అర నిమిషానికొకసారి అడుగు వేస్తాయి.

మూడు టెర్మినళ్లు ఉంటే అమెరికా తరహా, ఐబీఎం లాంటిది అయ్యే అవకాశం ఉంది. దాంట్లో గంటకొకసారి తప్పు సరిదిద్దుకునే ఏర్పాటు ఉంటుంది, మన వైపు అరుదు, ఇక్కడ వదిలేస్తున్నాను. ఇంకా ఒక రకం ఉంది, అది స్లేవ్ కాదు: 50 హెర్ట్జ్ ఏసీ మీద ఆగకుండా తిరిగే సింక్రనస్ మోటారు గడియారం. దాని డయల్ మీద 200-250 వోల్టులు, 50 సైకిల్స్ అని సాధారణంగా రాసి ఉంటుంది. కొట్టాయన చెప్పిన ప్లగ్గు మాట దీనికి మాత్రమే నిజం, అదీ ఇన్సులేషన్ చూపించుకున్నాకే.

మీటర్ ఏం చెబుతుంది

ఇప్పుడు మల్టీమీటర్‌ని ఓముల్లో పెట్టి రెండు వైర్ల మధ్య కొలవండి. కొన్ని ఓములు చూపిస్తే ఇంగ్లీషు తరహా. వెయ్యి నుంచి కొన్ని వేల ఓములు చూపిస్తే యూరప్ తరహా. ఈ ఒక్క అంకె మీదే మిగతా కథంతా ఆధారపడి ఉంది, ఎందుకంటే ఈ రెండు జాతులకీ ఆలోచనే వేరు. ఇంగ్లీషువాళ్లు గడియారాలన్నిటినీ దండలా ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో కట్టారు, కాబట్టి వాటికి కావలసింది నిర్ణీత కరెంటు: జెంట్స్‌వి, బ్రిటిష్ పోస్టాఫీసువి 220 మిల్లీ ఆంపియర్లకి చేసినవి, పాత సింక్రోనోమ్‌లు ఇంకాస్త ఎక్కువ అడుగుతాయి. యూరప్‌వాళ్లు ఇంట్లో బల్బుల్లాగా పారలల్‌లో కట్టారు, కాబట్టి వాటికి కావలసింది నిర్ణీత వోల్టేజి: 12, 24, 48, 60 వోల్టులు. ఇంగ్లీషు గడియారానికి 'ఎన్ని వోల్టులు' అని అడిగేవాళ్లు అందుకే తికమక పడతారు.

మీటర్ ఏమీ చూపించకపోతే కాయిల్ తెగింది. కంగారు పడకండి, వెంట్రుకంత వైరు చాలాసార్లు బొబ్బిన్ నుంచి బయటికి వచ్చే చోటే తెగుతుంది, భూతద్దం పెట్టి వెతికితే కొస దొరుకుతుంది, ఎనామెల్ గీకి సోల్డర్ చేస్తే సరిపోతుంది. జెంట్స్ కాయిళ్ల మీద స్పార్కు తగ్గించడానికి ఒక రెసిస్టర్‌ని అడ్డంగా కట్టడం మామూలే. అది ఉంటే కాయిల్ తెగినా మీటర్ ఏదో ఒక అంకె చూపిస్తుంది, దాన్ని ఒక వైపు విప్పి కొలవండి. అలాగే వైరుకీ ఇనప డబ్బాకీ మధ్య కూడా కొలవండి, అక్కడ ఏమీ చూపించకూడదు. గుడ్డ చుట్టిన పాత వైర్లు మన ఉక్కకి పెళుసెక్కి ఉంటాయి, అవి మార్చేయడమే మంచిది.

మొదటి పల్స్ ఎప్పుడూ తక్కువతోనే. ఇంగ్లీషు తరహాకి ఒక్క పెద్ద టార్చి సెల్లు, 1.5 వోల్టు, చాలు. వైరు తాకించి తీసేయండి, టక్కుమంటే బతికే ఉంది. చప్పుడు మెత్తగా ఉండి పన్ను అందుకోకపోతే రెండు సెల్లులు పెట్టండి, అప్పుడు కూడా కదలకపోతే వోల్టేజి పెంచకుండా మురికి సంగతి చూడండి. యూరప్ తరహాకి 9 వోల్టు బ్యాటరీతో మొదలుపెట్టండి, ఒకసారి ఇటు, ఒకసారి అటు. 24 వోల్టులది చాలాసార్లు 12కే కదులుతుంది. కదలకపోతే రెండు, మూడు 9 వోల్టు బ్యాటరీలు ఒకదాని నెత్తిన ఒకటి గుచ్చితే 18, 27 వస్తాయి, సన్న కరెంటే కాబట్టి అవి తట్టుకుంటాయి.

వైర్లు అటూ ఇటూ మార్చడం విసుగనిపిస్తే ఒక చిట్కా. గడియారానికి సిరీస్‌లో 470 మైక్రోఫారడ్, 50 వోల్టు కెపాసిటర్ పెట్టి, దాని ప్లస్ కాలుని రెండు వైపుల స్విచ్చి ద్వారా ఒకసారి సప్లై ప్లస్‌కి, ఒకసారి మైనస్‌కి మార్చండి, గడియారం రెండో వైరు మైనస్‌కే ఉండాలి. కెపాసిటర్ నిండేటప్పుడు కరెంటు ఒక దిక్కు, ఖాళీ అయ్యేటప్పుడు ఎదురు దిక్కు. స్విచ్చి అటు నొక్కితే ఒక నిమిషం, ఇటు నొక్కితే ఇంకో నిమిషం.

శుభ్రం చేయడం గురించి రెండే మాటలు. ఇరుసుల దగ్గర సూది మొనతో గడియారం నూనె ఒక్క చుక్క. పళ్ల చక్రానికీ కొక్కేనికీ నూనె వద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి చేతులు దులుపుకోకండి. ముళ్లని వెనక్కి తిప్పకండి, కొక్కెం విరుగుతుంది.

నడిపించే బోర్డు

అసలు మాస్టర్ క్లాక్ దొరకదు, దొరికినా మనం కొనే ధర కాదు. దాని బదులు ఒక ఆర్డినో నానో, అంటే మనం రాసిన ప్రోగ్రాముని నడిపే బుల్లి బోర్డు, ఒక డీఎస్3231 టైము మాడ్యూల్ చాలు. డీఎస్3231 సున్నా నుంచి 40 డిగ్రీల మధ్య పది లక్షలకి రెండు పాళ్లు మాత్రమే తప్పుతుంది, అంటే ఏడాదికి మహా అయితే ఒక నిమిషం చిల్లర. మే నెలలో బెజవాడ మేడ మీద గదిలో 40 దాటుతుంది, అప్పుడు హామీ పది లక్షలకి మూడున్నర పాళ్లు, అది ఏడాది పొడుగునా ఉన్నా రెండు నిమిషాలకి లోపే. వైఫై ఉన్న ఇంట్లో అయితే ఈఎస్‌పీ32 అనే వైఫై బోర్డు పెట్టి ఇంటర్నెట్ టైము తీసుకోవచ్చు, ప్రపంచ సమయానికి 19,800 సెకన్లు కలపడమే, ఎండాకాలం గంట మార్చే గొడవ మనకి లేదు. నా ఓటు మాత్రం డీఎస్3231కే, నెట్ పోయినా దానికి ఏమీ అవదు. బజారులో దొరికే నీలం రంగు మాడ్యూల్ కొంటే ఒక జాగ్రత్త: అందులో బ్యాటరీని చార్జ్ చేసే రెసిస్టర్, డయోడ్ ఉంటాయి, అది చార్జ్ అయ్యే సెల్లు కోసం పెట్టింది. మామూలు సీఆర్2032 పెట్టేటట్టయితే ఆ 200 ఓముల రెసిస్టర్ పీకేయండి, లేకపోతే సెల్లు ఉబ్బుతుంది.

ఇంగ్లీషు గడియారానికి డ్రైవరు తేలిక. 5 వోల్టుల నుంచి ఒక రెసిస్టర్, తర్వాత గడియారం, తర్వాత బోర్డు చెప్పినప్పుడు కరెంటు వదిలే స్విచ్చిలాంటి ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ మాస్‌ఫెట్, కాయిల్‌కి అడ్డంగా తిరగేసి 1ఎన్4007 డయోడ్. లెక్క ఇలా: కాయిల్ 6 ఓములు అనుకుందాం, 220 మిల్లీ ఆంపియర్లు రావాలంటే మొత్తం దాదాపు 23 ఓములు కావాలి, అందులో 6 తీసేస్తే 17. షాపులో దొరికేది 15 గానీ 18 గానీ, 2 వాట్లది తీసుకోండి. బీసీ547 ట్రాన్సిస్టర్ పెట్టకండి, అది 100 మిల్లీ ఆంపియర్లకే. పల్స్ సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు చాలు. ఇలా నడిస్తే గడియారం రోజుకి తినేది 18 మిల్లీ ఆంపియర్-గంటల లోపే, సెకనులో పదో వంతు పల్స్‌తో. ఆర్డినో బోర్డే అంతకంటే ఎన్నో రెట్లు తింటుంది.

యూరప్ గడియారానికి ప్లస్, మైనస్ తిప్పాలి కాబట్టి రెండు రిలేల మాడ్యూల్ వాడండి, రిలే అంటే కాయిల్ లాగితే మారే స్విచ్చి. గడియారం వైర్లు రెండూ రెండు రిలేల కామన్‌లకి, రిలే ఆగి ఉన్నప్పుడు తగిలే కాళ్లు రెండూ మైనస్‌కి, రిలే లాగినప్పుడు తగిలే కాళ్లు రెండూ ప్లస్‌కి. మొదటి రిలే లాగితే ఒక దిక్కు, రెండోది లాగితే ఎదురు దిక్కు. ప్రోగ్రాములో ఏదైనా తేడా వచ్చి రెండూ ఒకేసారి లాగినా షార్టు అవదు, అదే దీని అందం. 48, 60 వోల్టుల గడియారాలకి కూడా ఇదే పనికొస్తుంది. రిలే చప్పుడు నచ్చకపోతే ఎల్298ఎన్ మోటారు డ్రైవర్ మాడ్యూల్ పెట్టండి, కానీ 12 వోల్టులు దాటితే దాని మీది 5 వోల్టుల జంపర్ తీసేయాలి, మరిచిపోకండి. 24 వోల్టుల కోసం వేరే అడాప్టర్ కొననక్కర్లేదు, ఎంటీ3608 బూస్ట్ మాడ్యూల్ 5 వోల్టులని 28 దాకా పెంచుతుంది, మనకి కావలసింది పది, పదిహేను మిల్లీ ఆంపియర్లే. దీన్ని గడియారానికి కలిపే ముందే మీటర్ పెట్టి స్క్రూ తిప్పి 24 దగ్గర నిలపండి. పల్స్ అర సెకనుతో మొదలుపెట్టి, ఎక్కడైనా అడుగు తప్పితే ఒక సెకను చేయండి.

కరెంటు పోతే?

మన వైపు అసలు టెన్షన్ ఇదే. డీఎస్3231కి టైము గుర్తుంటుంది, కానీ ముళ్లు ఎక్కడ ఆగాయో గడియారం చెప్పదు. కాబట్టి ముళ్ల స్థానాన్ని కూడా బోర్డే రాసి పెట్టుకోవాలి: పన్నెండు గంటలని సున్నా అనుకుని, నిమిషాల గడియారానికి 0 నుంచి 719 దాకా, అర నిమిషాలదానికి 0 నుంచి 1439 దాకా ఒక అంకె. ప్రతి పల్స్ తర్వాత ఆ అంకె పెంచి దాచాలి. కరెంటు వచ్చాక బోర్డు టైము చూసి, ముళ్ల అంకె చూసి, తేడా ఎంతో అన్ని పల్స్‌లు రెండు సెకన్లకొకటి చొప్పున ఇచ్చేస్తుంది. నలభై నిమిషాలు కరెంటు పోతే నిమిషాల గడియారం నిమిషంన్నర లోపు అందుకుంటుంది, చూడ్డానికి కూడా సరదాగా ఉంటుంది.

ఆ అంకె ఎక్కడ దాచాలి అంటే, ఆ నీలం మాడ్యూల్‌లోనే ఏటీ24సీ32 అనే 4096 బైట్ల చిప్పు ఉంది. ఒక్కో చోట పది లక్షల సార్లు రాయొచ్చు. నిమిషాల గడియారం రోజుకి 1440 సార్లు రాస్తుంది, ఒకే చోట రాస్తూ పోతే రెండేళ్లు తిరగకముందే ఆ హద్దు దాటుతుంది. కాబట్టి ప్రతిసారీ పక్క చోటికి జరుగుతూ చిప్పంతా చుట్టి రండి, అప్పుడు మీ తర్వాతి తరం కూడా వాడుకోవచ్చు.

యూరప్ తరహాకి ఇక్కడ ఒక వరం ఉంది. సరి నిమిషానికి ప్లస్, బేసి నిమిషానికి మైనస్ అని ప్రోగ్రాములో కట్టేయండి. పల్స్ ఇచ్చాక, అంకె రాసేలోపు కరెంటు పోయిందనుకోండి, తిరిగి వచ్చాక బోర్డు అదే పల్స్ మళ్లీ ఇస్తుంది, కానీ అదే దిక్కు కాబట్టి గడియారం కదలదు, లెక్క దానంతటదే సరిపోతుంది. బిగించిన కొత్తలో మొదటి పల్స్‌కి కదలకపోతే గడియారం వైర్లు రెండూ తారుమారు చేస్తే చాలు. ఇంగ్లీషు గడియారానికి ఈ సౌకర్యం లేదు, ప్రతి పల్స్‌కీ నడిచేస్తుంది, అందుకని దానికి వైఫై రూటరుకి పెట్టే మినీ యూపీఎస్ ఒకటి పెట్టండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఆ లైన్లోంచి తీసుకున్నా సరిపోతుంది. రెండిటికీ ఒక బటన్ మాత్రం తప్పకుండా పెట్టండి, నొక్కితే ఒక అడుగు. మొదటిసారి ముళ్లని పన్నెండుకి తెచ్చి బోర్డుకి సున్నా చెప్పడానికి అదే దారి.

ఇంకో గడియారం దొరికితే, గుంటూరు నుంచి ఎవరైనా ఒకటి తెచ్చిచ్చినా సరే, అదే బోర్డు మీద నడుస్తుంది. రెండూ ఒకే జాతివై ఉండాలి, ఒకే వేగానివి కూడా. ఇంగ్లీషువి అయితే సిరీస్‌లో కట్టి, రెండో కాయిల్ ఎన్ని ఓములో అన్ని ఓములు రెసిస్టర్‌లోంచి తగ్గించండి. యూరప్‌వి అయితే పారలల్‌లో కట్టి వదిలేయండి, ముందు రెండూ ఒకే దిక్కు పల్స్‌కి కదులుతున్నాయో లేదో చూసుకోండి, లేకపోతే ఒకటి ఎప్పుడూ నిమిషం వెనకే ఉంటుంది.